కొత్త మందు వచ్చిందట కదా, తమ్ముడి పాత మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, గుంతకల్లు దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు, తమ్ముడికి 24. బెంగళూరులో ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతుండగా, పక్క గదిలోవాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫోన్‌లోంచి తనను గమనిస్తున్నారని అనడం మొదలుపెట్టాడు. గాలి సోకిందని మా అవ్వ కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. ఎనిమిది నెలల తర్వాత కర్నూలులో సైకియాట్రిస్టుకు చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నారు. రెండేళ్లుగా ఓలాంజపిన్ వాడుతున్నాడు. గొంతులు తగ్గాయి గానీ 14 కిలోలు పెరిగాడు. పొద్దెక్కేదాకా మంచం దిగడు, ఒక్క పని ముట్టుకోడు. అమెరికాలో కొత్త మందు వచ్చిందని మా నాయన యూట్యూబ్‌లో చూసి, అది మన దగ్గరకు వచ్చేదాకా ఈ మాత్రలు ఆపేద్దామంటున్నాడు. నిజమేనా? స్కాన్ తీస్తే జబ్బు తేలుతుందా? ఇంకో మాట. నాకు మేనమామ కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. మా అమ్మ చిన్నాన్నకు కూడా ఇలాగే ఉండేదట. నా పిల్లలకు వస్తుందా?
- ఒక అక్క, అనంతపురం జిల్లా

జవాబు: ముందు మీ నాయనకు ఈ ఒక్క ముక్క చదివి వినిపించండమ్మా. మాత్రలు ఆపొద్దు. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకుందాం.

ఎందుకంటే, మందు ఆపిన వారానికే జబ్బు తిరగబెడితే అందరికీ అర్థమయ్యేది. అలా జరగదు. మొదటి నెల బాగానే ఉంటాడు, ఇంకా హుషారుగా కూడా కనిపిస్తాడు, నిద్రమత్తు వదులుతుంది. ‘చూశారా, ఆపినాక బాగున్నాడు’ అంటారు ఇంట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో రాత్రుళ్లు నిద్ర పట్టదు, మళ్లీ కిటికీలు మూయడం మొదలవుతుంది. 65 పరిశోధనల ఫలితాలను ఒకచోట కూర్చి 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వేశారు. మందు ఆపినవాళ్లలో ఏడాది లోపు నూటికి 64 మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్లలో 27 మందికి. ఇంత తేడా చూపే మందులు వైద్యంలో చాలా తక్కువ.

ఇక మీ నాయన చూసిన వీడియో. అందులో అబద్ధం లేదు. 2024 సెప్టెంబరు 26న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ‘కోబెన్ఫీ’ అనే మందుకు అనుమతి ఇచ్చింది. మా బోటి డాక్టర్లకు అది పెద్ద వార్తే. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు క్లోర్‌ప్రోమజిన్‌ను మానసిక రోగులకు ఇచ్చి చూశారు. అరుపులు, కట్టేయడాలు తప్ప వేరే తెలియని వార్డులు నెమ్మదించాయి. (అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1931లో, కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు మన సర్పగంధ వేరు మానసిక జబ్బుకు పనికొస్తుందని రాశారు. మనవాళ్ల సంగతి మనకే గుర్తుండదు.) ఆ మందు ఎలా పనిచేస్తోందో తర్వాత పదేళ్లకు గానీ అంతుబట్టలేదు. 1963లో స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త దాని జాడ డోపమిన్ అనే మెదడు రసాయనం దగ్గర పట్టాడు. డోపమిన్‌ను ఊళ్లో దండోరా వేసేవాడు అనుకోండి. ముఖ్యమైన సంగతి ఉంటేనే డప్పు కొట్టాలి. ఈ జబ్బులో వాడు ఆకు కదిలినా, పక్కింట్లో గిన్నె పడినా కొడతాడు. ఇన్నిసార్లు డప్పు మోగితే ‘ఇదంతా నా గురించే’ అని ఎవరికైనా అనిపిస్తుంది. మీ తమ్ముడికి హాస్టల్ గదిలో జరిగింది అదే. 1952 నుంచి డెబ్బై ఏళ్లుగా వచ్చిన మందులన్నీ, ఓలాంజపిన్‌తో సహా, ఆ డప్పు మీద చేయి పెట్టి ఆపేవే.

కోబెన్ఫీ వేరే వాకిలి నుంచి లోపలికి వెళ్తుంది. డోపమిన్‌ను నేరుగా ముట్టుకోదు, కణాల మీద సంకేతాలు అందుకునే వేరే రకం తలుపులు, మస్కరినిక్ గ్రాహకాలు, వాటి మీద పనిచేస్తుంది. అందులో రెండు మందులున్నాయి. మొదటిది జానోమెలిన్. 1990ల్లో అల్జీమర్స్ కోసం పరీక్షించారు, భ్రమలు తగ్గాయి గానీ వాంతులతో జనం తట్టుకోలేకపోయారు, పక్కన పడేశారు. తర్వాత ఒకరికి మంచి ఆలోచన వచ్చింది. మూత్రాశయం సమస్యకు వాడే ట్రోస్పియం మెదడులోకి పోదు. దాన్ని కలిపితే, జానోమెలిన్ ఒంట్లో చేసే అల్లరిని ట్రోస్పియం అదుపులో పెడుతుంది, మెదడులో దాని పని దాన్ని చేసుకోనిస్తుంది. బరువు పెంచడం, చేతులు వణికించడం దీనికి తక్కువ. వికారం, మలబద్ధకం, గుండె వేగం పెరగడం ఉన్నాయి. అనుమతికి ఆధారమైన ప్రధాన పరీక్షలు ఐదు వారాలవి. అక్కడ విడుదలైనప్పుడు ధర నెలకు సుమారు 1,850 డాలర్లు. పాత మందుకు తోడుగా దీన్ని ఇస్తే ఇంకా మేలవుతుందేమోనని చేసిన పరీక్షలో 2025లో స్పష్టమైన లాభం తేలలేదు. అదే దారిలో వస్తున్న ఇంకో కంపెనీ మందు 2024 చివర్లో పరీక్షలో తప్పింది. నాకైతే ఈ మందు మీద ఆశ ఉంది. కానీ దానికోసం మీవాడి మాత్రలు ఆపడమంటే, హంద్రీ-నీవా నీళ్లు ఎప్పుడో వస్తాయని ఉన్న బోరు పూడ్చేయడమే.

బరువు సంగతి మాత్రం ఊరికే వదిలేయొద్దు. ఓలాంజపిన్ ఆకలిని పెంచుతుంది. సంగటి రెండు ముద్దలు తిన్న గంటకే మళ్లీ ఉగ్గాని అడిగితే అది తిండిపోతుతనం అనుకోవద్దు, మందు చేయిస్తున్న పని. మీ డాక్టరుతో మూడు విషయాలు మాట్లాడండి. బరువు తక్కువ పెంచే అరిపిప్రజోల్ లాంటి మందుకు నెమ్మదిగా మార్చవచ్చా, బరువు అదుపుకు మెట్‌ఫార్మిన్ జత చేయవచ్చా, షుగర్, కొలెస్ట్రాల్ ఈమధ్య ఎప్పుడు చూశారు? మాత్రలు రోజూ మింగించడం మీ ఇంట్లో యుద్ధంగా ఉంటే నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. తులసికోట మట్టిలో గుచ్చి దాచిన మాత్రలు తెచ్చి నా బల్ల మీద పోసిన తల్లిని చూశాను, అరవై పైనే ఉన్నాయి. ఆమెకు ఆ రోజు ఇంజెక్షన్ మాట చెబితే ఏడ్చేసింది, ‘ముందే ఎందుకు చెప్పలేదు సార్’ అని.

రెండు రకాల మందులు తగిన మోతాదులో, ఒక్కోటి ఆరు వారాలైనా వాడినా గొంతులు తగ్గకపోతే క్లోజపిన్ ఉంది. మీవాడికి ఇప్పుడు అవసరం లేదు, గొంతులు తగ్గాయన్నారు కదా. అయినా చెబుతున్నా. ఈ ఉత్తరం చదివే మరో ఇంట్లో అవసరం ఉండొచ్చు. ఈ మందు 1975లో ఫిన్లాండ్‌లో కొందరి ప్రాణాలు తీసింది, తెల్ల రక్తకణాలు పడిపోయి. మూలన పెట్టేశారు. 1988లో వేరే మందులకు లొంగనివాళ్ల మీద క్లోర్‌ప్రోమజిన్‌తో పోల్చి చూశారు. క్లోర్‌ప్రోమజిన్‌తో నూటికి నలుగురు మెరుగైతే, క్లోజపిన్‌తో ముప్పై మంది మెరుగయ్యారు. రక్తపరీక్షల నిబంధనతో తిరిగి వచ్చింది. మొదటి 18 వారాలు వారం వారం రక్తం ఇవ్వాలి. ఆ విసుగుకు భయపడి మన దగ్గర దీన్ని ఆలస్యంగా మొదలుపెడతారు. నా దృష్టిలో అది పొరపాటు.

స్కాన్ గురించి. తీస్తారు, మెదడులో గడ్డ, ఇన్ఫెక్షన్ లాంటివి లేవని చూసుకోవడానికి. ‘ఇది స్కిజోఫ్రీనియా’ అని చెప్పే స్కాన్ గానీ రక్తపరీక్ష గానీ ఇప్పటికి లేదు. ఉందని డబ్బులు అడిగేవాళ్ల దగ్గరకు పోవద్దు. పరిశోధనలో మాత్రం స్కాన్లు ఒక మంచి సంగతి చెప్పాయి. గొంతులు వినిపిస్తున్న క్షణంలో తీస్తే, మెదడులో మాటకు, వినికిడికి సంబంధించిన భాగాలు నిజంగా పనిచేస్తూ కనబడతాయి. అందుకే ‘ఎవరూ మాట్లాడట్లేదు రా, అదంతా నీ భ్రమ’ అంటే వాడికి మీరే అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది. వాదించొద్దు. ‘నాకు వినపడట్లేదు, నీకు వినపడుతోంది, భయంగా ఉందా?’ అని అడగండి.

ఆ గొంతులు కూడా ఊరిని బట్టి మారతాయి. కాలిఫోర్నియాలోని సాన్ మాటియో, ఘనాలోని అక్రా, మన చెన్నై, ఒక్కోచోట 20 మందితో టాన్యా లూర్‌మన్ అనే పరిశోధకురాలు మాట్లాడింది. అమెరికాలో ఎక్కువగా తెలియని గొంతులు, హింసించే మాటలు. చెన్నైలో సగం మందికి పైగా వినిపించింది సొంత బంధువుల గొంతులు, ‘స్నానం చెయ్’, ‘ఆ పని చూడు’ అనే తరహాలో. నాకు ఆశ్చర్యం వేయలేదు. చనిపోయిన అత్తగారు ‘పొయ్యి ఆర్పినావా?’ అని అడుగుతోందని, రాత్రి నాలుగుసార్లు లేచి చూసే ఒకామె మా ఓపీకి వచ్చేది.

ఇప్పుడు మీ ప్రశ్నల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది. ‘ఒక్క పని ముట్టుకోడు’ అన్నారు. ఇంట్లో దాన్ని బద్ధకం అంటున్నారని నాకు తెలుసు. అది జబ్బులో భాగం. గొంతులు జబ్బు పైకి చూపే ముఖం. ఆసక్తి, చొరవ, మాట ఎండిపోవడం లోపలి ముఖం. మందులు మొదటిదాన్ని బాగా తగ్గిస్తాయి, రెండోదాన్ని అంతగా కాదు. ఇక్కడ పనికొచ్చే పరిశోధన అమెరికాలో వెతకక్కర్లేదు. 2014లో లాన్సెట్‌లోనే వచ్చిన కాప్సి అధ్యయనం తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మందితో జరిగింది. స్థానికులైన కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి రోగుల ఇళ్లకు పంపారు. మందులు వేసుకుంటున్నారా చూడటం, ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పడం, చిన్న పనులు అలవాటు చేయడం. ఏడాదికి, ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవాళ్ల కంటే వీళ్లు కొంత మెరుగయ్యారు. అద్భుతం జరగలేదు, కొంత. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో మందులకు తోడుగా యోగా నేర్పిస్తే ఈ లోపలి లక్షణాలు తగ్గాయి. 1960ల్లో మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలోనూ ధనిక దేశాల కంటే ఆగ్రా రోగులు మెరుగ్గా కోలుకున్నారు. ఇది చెప్పి మన కుటుంబాలు గొప్పవని రొమ్ము విరుచుకునే మగవాళ్లను సభల్లో చూశాను. ఆ భారం మోసేది మీలాంటి అక్కలూ అమ్మలూ.

ఆదోని వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడిని వాళ్ల మామ పత్తి మార్కెట్‌కు వెంట తీసుకెళ్లాడు. మొదటి నెల వాడి పని ఫ్లాస్కులో టీ తేవడం, అంతే. మూడో నెలలో మూటలు లెక్కపెట్టి చీటీ మీద గీతలు పెట్టాడు. ఇప్పుడు కాటా దగ్గర కూర్చుంటున్నాడు. గొంతులు పూర్తిగా పోలేదు. ‘అది మాట్లాడుతుంటాది సార్, నేను లెక్క రాసుకుంటుంటా’ అన్నాడు పోయినసారి. మీవాడికి రేపే ఉద్యోగం చూడొద్దు. పొద్దున పాల కేంద్రానికి చెంబుడు పాలు పోసి రమ్మనండి. వచ్చాక ఏమీ అనొద్దు, పొగడ్తలు కూడా ఎక్కువ వద్దు.

మీ పెళ్లి, పిల్లల సంగతి. ఈ జబ్బు సుమారు నూటికి ఒకరికి వస్తుంది. తోబుట్టువుకు ఉంటే మీ పిల్లలకు వచ్చే అవకాశం నూటికి మూడు, నాలుగు. అంటే 96 మందికి రాదు. ఒకేలాంటి కవల పిల్లల్లో కూడా ఒకరికి వస్తే రెండోవాళ్లకు సగం సార్లకు మించి రాదు, కాబట్టి జన్యువులే తలరాత కాదు. 2022లో 76 వేలకు పైగా రోగులను పరిశీలించి, జన్యువుల్లో 287 చోట్ల దీని ఆనవాళ్లు పట్టారు. ఒక్కోటి ఆవగింజంత ప్రభావం. వాటిలో ఒకటి, సీ4 అనే జన్యువు, 2016లో బాగా అర్థమైంది. కుర్రతనంలో మెదడు నాడీకణాల మధ్య అక్కర్లేని కలయికలను తీసేసుకుంటుంది, మీ వైపు చీనీ తోటలో కొమ్మలు కత్తిరించినట్టు. సీ4 జోరు ఎక్కువైతే కత్తెర కాపు కాసే కొమ్మల మీదా పడుతుంది. జబ్బు ఇరవైల్లో ఎందుకు బయటపడుతుందో దీంతో కొంత అర్థమవుతుంది. చెన్నై పరిసరాల రోగులపై 2019లో వచ్చిన అధ్యయనం బీ3 విటమిన్‌కు సంబంధించిన ఒక జన్యువును చూపింది. దయచేసి బీ3 మాత్రలు కొనడానికి పరుగెత్తకండి, అది వైద్యం దాకా రాలేదు.

సంబంధం గురించి మాత్రం సూటిగా చెబుతాను. జబ్బు మీ అమ్మ పుట్టింటి వైపు ఉంది. వరుడూ ఆ ఇంటివాడే. రెండు వైపుల నుంచీ అదే వారసత్వం కలుస్తుంది. పైగా మేనరికంలో పిల్లలకు వేరే జన్యు జబ్బుల ముప్పు కూడా పెరుగుతుంది. నా కూతురైతే బయటి సంబంధం చూడమంటాను. మీరు అతన్నే చేసుకోవాలనుకుంటే, పెళ్లికి ముందే జన్యు సలహాకు వెళ్లండి.

అవ్వను కసాపురం వెళ్లొద్దని నేను అనను. మాత్రల డబ్బా కూడా సంచిలో ఉండాలి. ఎక్కడైనా గొలుసుతో కట్టి ఉంచుతామంటే మాత్రం ఒప్పుకోవద్దు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో అలా కట్టి ఉంచిన 28 మంది మంటల్లో కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని ఎవరైనా ఎగతాళి చేస్తే, మన సీమలో ఎర్రగడ్డ అంటే ఉల్లిగడ్డ అని చెప్పి నవ్వేయండి. రాత్రివేళ పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి కర్నూలు వెళ్లేటప్పుడు పాత చీటీలతో పాటు నెల రోజుల ఖాళీ స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి. సిగరెట్ తాగుతాడా, రోజుకు ఎన్ని అన్నది దాచకుండా చెప్పండి. పొగ ఓలాంజపిన్ బలాన్ని తగ్గిస్తుంది, ఒక్కసారిగా మానేస్తే మోతాదు ఎక్కువైపోతుంది. హాస్టల్లో గంజాయి అలవాటు ఏమైనా ఉండేదా అన్నది మీరు కాదు, వాడే చెప్పాలి. మీరూ మీ నాయనా ఓ పది నిమిషాలు బయట బెంచీ మీద కూర్చోండి.