మీరడిగారు: ఎడారిలో అంత ఊరెట్లా లేచింది?

ఆదోని నుంచి ఒక పాఠకుడు: సార్, సిరియాలో పామైరా అని ఎడారి మధ్యలో పాత ఊరు, ఫొటోల్లో చూస్తే స్తంభాలే స్తంభాలు. మా ఆదోనిలో అంటే చుట్టూ పత్తి పండుతుంది కాబట్టి మార్కెట్ పడింది, అక్కడ ఏమి పండుతుందని అంత డబ్బు? ఏ వీడియో చూసినా ట్రేడ్ రూట్ మీద ఉంది కాబట్టి అని ఒకటే మాట.

జవాబు: ఆ మాట సగమే నిజం అప్పా. మ్యాప్ తీసి చూడండి, గల్ఫ్ నుంచి సిరియాకి పోవాలంటే యూఫ్రటీస్ నది పక్కనే నీళ్లున్న దారి ఉంది, మరి దాన్ని వదిలి ఎండలో ఎడారికి అడ్డం పడి ఎవరైనా ఎందుకు పోతారు? దీనికి స్ట్రాబో అనే గ్రీకు ఆయన 2000 ఏళ్ల కిందటే జవాబు రాసిపెట్టినాడు, నదికి రెండు పక్కలా ఉండే చిన్నచిన్న దొరలు ఎవరికి వాళ్లు సుంకం గుంజుతారంట, అందుకే వ్యాపారులు నదికి దూరంగా జరిగి పోయేవాళ్లంట. పామైరా వాళ్లు పట్టుకున్నది ఈ సందునే. వాళ్లకి ఎఫ్కా అని ఒక ఊట ఉంది, ఒంటెలున్నాయి, ఎడారి తెగలతో మాటామంతీ ఉంది, దొంగల్ని తరమడానికి విలుకాళ్లున్నారు. అంటే దారి వాళ్ల ఊరికి రాలేదు, వాళ్లే తెచ్చుకున్నారు.

మీరు ఫొటోలో చూసిన స్తంభాలకి సగం ఎత్తులో బయటికి పొడుచుకొచ్చిన రాతి దిమ్మెలు ఉంటాయి చూడండి, వాటి మీద ఒకప్పుడు కంచు బొమ్మలుండేవి. చాలావరకు రాజులవి కాదు, బిడారుని, అంటే సరుకు మోసే ఒంటెల గుంపుని, క్షేమంగా ఊరు చేర్చినాడని వ్యాపారులు చందాలేసుకుని పెట్టించిన బొమ్మలూ అందులో ఉన్నాయి, కింద రాత కూడా చెక్కించినారు. క్రీ.శ. 157 నాటి రాతలోనైతే సింధు వైపు నుంచి ఓడలో తిరిగొచ్చిన వ్యాపారుల సంగతి ఉంది. అక్కడి సమాధుల్లో చైనా పట్టుతో పాటు మన దేశం నూలు గుడ్డలు కూడా దొరికినాయి, పత్తి ఊరోళ్లు కాబట్టి చెప్తున్నా.

ఇంక పన్నులు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. వసూలు చేసేవాళ్లకీ వ్యాపారులకీ రోజూ గొడవలై గొడవలై, చివరికి క్రీ.శ. 137లో ఊరి సభ రేట్లన్నీ గ్రీకులో, వాళ్ల అరమాయిక్‌లో రాయి మీద చెక్కించి నిలబెట్టింది, దాదాపు 5 మీటర్ల పొడవు! సుగంధ తైలం రాతి బుడ్లలో తెస్తే ఒంటె బరువుకి 25 దేనారాలు (రోమ్ వెండి నాణేలు), మేకతోలు తిత్తుల్లో తెస్తే 13. రాతి బుడ్లలో తెచ్చేది ఖరీదు సరుకని లెక్క అయ్యుండాలి. ఊళ్లో ఊటల నీళ్లు వాడుకోడానికి ఏడాదికి 800. ఇదంతా ఊరి పన్ను మాత్రమే, అప్పుడు ఊరు రోమ్ సామ్రాజ్యం కింద ఉంది కాబట్టి సరిహద్దు దాటే సరుకు విలువలో 25 శాతం రోమ్‌కి వేరే కట్టాల.

కడప నుంచి ఒక పాఠకురాలు: పామైరా రాణి జెనోబియా రోమ్‌ని ఓడించిందంటారు, నిజమేనా అండీ?

జవాబు: కొన్నాళ్లు వణికించిందమ్మా. 267లో భర్త ఒదెనాతస్ హత్య అయినాక చిన్న కొడుకు పేరు మీద తానే పాలించి, 270లో ఈజిప్టుని పట్టుకుంది, రోమ్ తినే గోధుమలు వచ్చేది అక్కడి నుంచే కదా, ఇంక చక్రవర్తి ఊరుకుంటాడా. 272లో ఆరేలియన్ దండెత్తొచ్చి ఓడించి పట్టుకున్నాడు, మరుసటేడు ఊరు మళ్లీ తిరగబడితే దోచుకున్నారు. కథలన్నీ ఆమెతోనే ఊరు పోయిందంటాయి గానీ, 224లో పర్షియాలో సాసానీలు అనే కొత్త రాజవంశం వచ్చి గల్ఫ్ రేవుల్ని చేతిలోకి తీసుకున్నప్పుడే బిడారులకి గడ్డుకాలం మొదలైంది. ఊరు ఉన్నచోటే ఉంది, ఊట కూడా ఉంది, సరుకు రాకుంటే ఏం చేస్తారు?

తాడిపత్రి నుంచి: 2015లో ఐసిస్ వాళ్లు పేల్చినాక ఏమైనా మిగిలిందా?

జవాబు: క్రీ.శ. 32 నాటి బేల్ అనే దేవుడి గుడి పోయింది, దాని పెద్ద వాకిలి ఒక్కటి నిలబడి ఉంది. బాల్‌షమీన్ గుడీ పోయింది. కిలోమీటరు పైన సాగే స్తంభాల వీధి చాలావరకు ఉంది. అక్కడ దశాబ్దాల పాటు పురావస్తు అధికారిగా చేసిన ఖాలిద్ అల్ అసద్‌ని, 80 దాటిన మనిషిని, అదే ఏడు ఆగస్టులో చంపేసినారు, పురాతన వస్తువులు యాడ దాచిపెట్టినారో చెప్పలేదని. పన్నుల రాయి మాత్రం భద్రంగా ఉంది, వందేళ్ల కిందటే రష్యా వాళ్లు కోయించి తీసుకుపోయినారు, ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో పెట్టినారు.