కొమ్మలు కొట్టుకో, మొదలు మాత్రం ముట్టుకోకు

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

గాలివానకి పడిపోయిన చింతచెట్టుని కూలీలెవరూ వద్దని నువ్వే కోస్తానంటున్నావనీ, రంపం మిషన్ అద్దెకి కూడా మాట్లాడేశావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెల్లెలి పెళ్ళికి గాడిపొయ్యిలోకి మన దొడ్లో కట్టెలే వాడాలని పంతం పట్టావట. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఈ బుద్ధి పుట్టిందంటే నాకు గర్వంగానే ఉందిరా. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే" అనేసి నీ పని నువ్వు చేసుకుంటావని రాస్తున్నాను.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. లుంగీ, హవాయి చెప్పులతో మిషన్ పట్టుకోకు. బూట్లు, కళ్ళద్దాలు, హెల్మెట్ ఉండాలి. చెవుల్లో పాటలు వద్దు. పక్కన మనిషి లేకుండా దిగకు. కొమ్మల్లో కరెంటు తీగ చిక్కుకుని ఉంటే 1912కి ఫోన్ చెయ్యి, లైన్‌మ్యాన్ వచ్చి చూసేదాకా ఆ ఛాయలకి పోకు. తొర్రలో చెయ్యి పెట్టేముందు పొడుగు కర్రతో కదిపి చూడు, పాములుంటాయి. బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలిందంటే మిషన్ ఎగిరి నీ మొహం మీదికే వస్తుంది. అంతే.

ఇక అసలు సంగతి. చెట్టు వేళ్ళతో సహా లేచిందని మీ అమ్మ అంది. వేళ్ళూ మట్టీ కలిసి గోడలా నిలబడి ఉంటాయి, వెనకాల గొయ్యి ఉంటుంది. నా భయమంతా ఆ గోడతోనే. మాను బరువు ఇటు లాగి పట్టుకుంది కాబట్టి అది నిలబడింది. మానుని కోసి వేరు చేశావా, ఇక దాన్ని పట్టి ఉంచేదేమీ ఉండదు. మోడుతో సహా లేచి, వెనక్కి వెళ్ళి గోతిలో కూర్చుంటుంది. ఒక్కోసారి ఇటువైపే ఒరుగుతుంది కూడా.

పెద్దమావయ్య కాలు సైకిల్ మీంచి పడి విరిగిందని మీ పిల్లలందరికీ చెప్పాం. అది అబద్ధం. 1996 నవంబరు 6న తుఫాను మన కోనసీమని ఊడ్చేసింది గుర్తుందా? గుర్తుండదులే, నీకప్పుడు నాలుగేళ్ళు. కొబ్బరితోటలు వరసలకి వరసలు పడిపోయాయి. మన దొడ్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి వేళ్ళతో లేచింది. నీళ్ళు తీశాక అన్నయ్యా నేనూ పెద్ద రంపం పట్టుకుని దిగాం. దారిన పోతున్న కోత మేస్త్రి ఒకాయన ఆగి, "మొదలు దగ్గర పెట్టకండి బాబూ, లేస్తుంది" అన్నాడు. పడిపోయిన చెట్టు ఎక్కడికి లేస్తుందని అన్నయ్య నవ్వాడు. కొమ్మలన్నీ అప్పటికే కొట్టేశాం. అంటే అటువైపు బరువు సగం పోయినట్టే. వేళ్ళకి బారెడు దూరంలో రంపం పెట్టించి, తను వేళ్ళవైపు మాను మీద ఒక కాలు వేసి నిలబడ్డాడు. రెండు వేళ్ళ మందం మిగిలి ఉండగా చెక్క టప్పున చిట్లింది. అంతే, ఆ మోడు అన్నయ్యని విసిరేసి నిటారుగా లేచి నిలబడింది. చెట్టు పడనేలేదన్నట్టు నిలబడిందిరా అది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

ఇది కాదు నేను చెప్పాలనుకున్నది. ఆ గోతిలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. పొద్దున్నించీ అందులో కాగితం పడవలు వదులుతున్నది నువ్వు. అమ్మమ్మ అట్టు వేసి కేకేస్తే తినడానికి లేచి వెళ్ళావు. నీ పడవలు ఆ మట్టి కిందే ఉండిపోయాయి. ఈ మాట మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

కాబట్టి గోతి చుట్టూ తాడు కట్టు. పెళ్ళికి వచ్చే పిల్లల్ని అటు పోనివ్వకు, మేకని కూడా కట్టకు. మొదలు కోత చివరికి పెట్టుకుందాం. జేసీబీ అతన్ని పిలిచి బకెట్‌తో వేళ్ళని పట్టి ఉంచమందాం, తెగాక మెల్లగా దించుతాడు. ఆ డబ్బు నేనిస్తాను.

కొమ్మల విషయం. నేలకి నొక్కుకుని విల్లులా వంగిన కొమ్మని బయటివైపు నుంచి ఒక్కసారిగా కోస్తే కొరడాలా కొడుతుంది. వంపు లోపలివైపు ముందు కొంచెం గాటు పెట్టి, తర్వాత బయటివైపు నెమ్మదిగా కొయ్యి, నువ్వు మాత్రం దాని దారిలో ఉండకు. మాను రెండు కొసలా ఆని మధ్యలో గాల్లో ఉంటే పైనుంచి మూడోవంతు కోసి, మిగతాది కిందనుంచి. ఒక కొస గాల్లో ఉంటే దీనికి తలకిందులు, ముందు కింద, తర్వాత పైన. అలా చెయ్యకపోతే బ్లేడు బిగుసుకుపోయి సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

దుంగల్ని భుజానికెత్తే వేషాలు వద్దు. రెండడుగుల మందం, ఆరడుగుల పొడవు పచ్చి చింత దుంగ అర టన్నుకి తక్కువ తూగదు. ఉన్నచోటే అడుగున్నర ముక్కలు చేసి, దొర్లించి ట్రక్కులోకి ఎక్కించండి. పచ్చిగా ఉండగానే చీల్చేయండి, చింత ఎండితే గొడ్డలికి లొంగదు. మొదలు దగ్గరి మంచి ముక్క ఒకటి చీల్చకుండా ఉంచు, మాంసం కొట్టు వాళ్ళు మొద్దుకోసం అడిగి కొనుక్కుంటారు.

ఇంకోటి, నీకు కోపమొచ్చినా చెబుతున్నాను. మానులోంచి వచ్చిన కట్టెలు మాఘమాసం పెళ్ళికి ఆరవు. పొగకి వంటమేస్త్రి నిన్ను తిడతాడు. చేతిమందం కొమ్మలు ఇప్పుడే కొట్టి, ఇటుకల మీద సందులుంచి పేర్చు, అవి అందుతాయి. మిగతాది సరుగుడు కొనుక్కో. మాను కట్టెలు వచ్చే ఏడాది నీ సీమంతం వంటలకి పనికొస్తాయి. నీ సీమంతం కాదులే, నీ పెళ్ళానిది. ముందు పెళ్ళి చేసుకో.

శనివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. పాత మోకు తెస్తాను. మీ అత్త మాగాయ జాడీ కట్టి ఇస్తానంటోంది. నేను వచ్చేదాకా మిషన్ అద్దెకి తేకు, రోజుకింతని డబ్బు దండగ.

మావయ్య