షికాగోకు వేసవిలో అమ్మానాన్నలు వస్తే ఏమి చూపించాలి?

జూన్ నెలాఖరులో అమ్మానాన్నలు వస్తున్నారు, రెండు నెలలు ఉంటారు, షికాగోలో ఏమేమి చూపించాలి అని మీరు అడిగారు. నేను 14 ఏళ్లుగా ఈ ఊళ్లో, డెవాన్ అవెన్యూకు రెండు వీధుల అవతల ఉంటున్నాను. మావాళ్లు మూడుసార్లు వచ్చి వెళ్లారు. మొదటిసారి నేనూ అందరిలాగే విల్లిస్ టవర్ 103వ అంతస్తులోని గాజు గదిలో నిలబెట్టి ఫోటోలు తీశాను, నదిలో పడవ ఎక్కించాను, మిలీనియం పార్కులో అనీష్ కపూర్ చేసిన, అద్దంలా మెరిసే గింజ ఆకారపు శిల్పాన్ని చూపించాను. ఊరికి వెళ్లాక మా అమ్మ వాటిలో ఒక్కదాని ఊసూ ఎత్తలేదు. రెండోసారి వచ్చినప్పుడు గడిచిన ఒక శనివారం గురించి మాత్రం ఇప్పటికీ ఫోనులో చెప్పుకుంటూనే ఉంటుంది.

ఇక్కడ వేసవిలో ఒక రోజు వీధిని మూసేసి, ఆ వీధివాళ్లంతా నడిరోడ్డు మీదే వండుకుని తిని ఆడుకుంటారు. బ్లాక్ పార్టీ అంటారు. ముందుగా వార్డు ఆల్డర్‌మన్ (మన కౌన్సిలర్ లాంటివారు) కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ రోజు పొద్దున్నే కార్లన్నీ తీసేసి వీధికి రెండు కొసలా అడ్డు పెడతారు. మాకు ఆ అవకాశం జులైలో వచ్చింది. ఎవరి గుమ్మం ముందు వాళ్లు బల్లలు వేశారు, బొగ్గుల పొయ్యిలు రాజేశారు. మెక్సికో నుంచి వచ్చిన ఎదురింటివాళ్లు మొక్కజొన్న కంకులు కాల్చి, వాటికి జున్ను పొడి, కారం, నిమ్మరసం పట్టించి అందరికీ పంచారు. మా బల్ల మీద జంతికలు.

అమ్మ మాత్రం గడప దాటలేదు. "నాకు వాళ్ల మాటలు రావు, నేనెందుకే అక్కడ" అంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మా మేపుల్ చెట్టు నీడలో పిల్లలు లావుపాటి రంగు సుద్దలతో తారు రోడ్డు మీద ఇళ్లూ సూర్యుళ్లూ గీస్తున్నారు. కాసేపటికి చూస్తే అమ్మ వాళ్ల మధ్యే ఉంది, కొంగు నడుముకు దోపుకుని వంగి చుక్కలు పెడుతోంది. "తొమ్మిది చుక్కలు, ఐదు వరకు, సందు చుక్క" అని తనలో తానే లెక్క చెప్పుకుంటోంది. గరుకు తారు మీద సుద్ద ఒరుసుకుని పుటుక్కున విరుగుతోంది. విరిగిన ముక్కను పక్కకు వాల్చి పట్టుకుని రుద్దుతూ, "పిండి అయితే ఈపాటికి అయిపోయేది" అని విసుక్కుంది. ఎదురింటి ఎనిమిదేళ్ల పాప సుద్దల డబ్బా పట్టుకుని గొంతుక్కూర్చుంది, అమ్మ చెయ్యి చాపగానే ఒక రంగు అందిస్తోంది. ముగ్గు పూర్తయ్యాక ఆ పాప గీత మొదలు ఎక్కడుందో కనుక్కోవాలని దాని వెంటే వేలు పెట్టి చుట్టూ తిరిగింది. మొదలు దొరకలేదు. అమ్మ నవ్వి, ఆ వేలు పట్టుకుని మొదటి చుక్క మీద పెట్టింది. ఆ తరువాత చీకటి పడేదాకా అమ్మను లోపలికి రమ్మన్నా రాలేదు. జులైలో ఇక్కడ ఎనిమిదిన్నరకు గానీ పొద్దుగూకదు.

నాన్నగారు పక్కింటి పెద్దాయన బల్ల దగ్గర చేరారు. నేను మధ్యలో కూర్చుని మాటలు చేరవేస్తున్నాను. 1995 జులైలో ఇక్కడ 41 డిగ్రీలు దాటిందని ఆయన చెబితే, రెంటచింతలలో పుట్టి పెరిగిన నాన్నగారు "మాకు మే నెలంతా అంతే కదా" అన్నారు. ఆ వారంలో ఈ నగరంలో 700 మందికి పైగా చనిపోయారని చెప్పాక నాన్నగారు మాట్లాడలేదు. ఉక్కపోత, రాత్రిళ్లు కూడా చల్లబడని ఇటుక ఇళ్లు, చాలా ఇళ్లకు కరెంటు పోవడం, దొంగల భయంతో కిటికీలు బిగించుకున్న వృద్ధులు. పోయినవాళ్లలో చాలామంది ఒంటరిగా బతుకుతున్న పెద్దవాళ్లే. ఆయన అప్పట్లో ఉన్న ఇంటి పై అంతస్తులోని ముసలావిడను మూడో రోజున గానీ ఎవరూ చూడలేదట. "అందుకే ఏటా ఈ బల్ల వేస్తాను, ఎవరు రాలేదో చూసుకుంటాను" అన్నారాయన. ఒకరి తలుపు ఒకరు తట్టే వీధిలో అంతమంది పోరని నా గట్టి నమ్మకం.

ఇది చెబుతున్నప్పుడే నాకు కోపం వచ్చే సంగతి ఒకటుంది. మనవాళ్లలో ఎక్కువమంది శివారు ఊళ్లలో పెద్ద ఇళ్లు కొని, ఆరు నెలల కోసం వచ్చిన తల్లిదండ్రులను వాటిలో కూర్చోబెడతారు. నడిచి వెళ్లేంత దూరంలో కొట్టు ఉండదు, బస్సు ఉండదు. పగలంతా మనవడి వెంట పరుగు, శనివారం అరోరా బాలాజీ గుడి, ఆదివారం పెద్ద మాల్. ఊళ్లో ఇంటింటికీ చుట్టరికం కలుపుకునే మనిషికి అది వేసవి సెలవు కాదు, గృహనిర్బంధం. పనిమనుషుల్లా వాడుకుంటున్నారని అంటే చాలామందికి నొప్పి కలుగుతుంది, అయినా అనాల్సిందే.

మా నాన్నగారికి ఇంగ్లిషు అంతంతమాత్రం. అయినా 155 నంబరు బస్సు ఒకటి నేర్పిస్తే చాలు, రోజూ అమ్మను వెంటబెట్టుకుని మోర్స్ స్టేషన్ దగ్గర దిగి మిషిగన్ సరస్సుకు నడిచి వెళ్లేవారు. మొదటి రోజు అవతలి ఒడ్డు కనబడక అమ్మ సముద్రమే అనుకుని, దోసిట్లో నీళ్లు తీసి నాలుక మీద వేసుకుని చూసింది. ఉప్పు లేదని తేలాక గంగమ్మకు పెట్టినట్టే దండం పెట్టింది. ఒడ్డున 29 కిలోమీటర్ల బాట ఉంది, టికెట్టు లేదు. డౌన్‌టౌన్ దగ్గర ఒడ్డు మీద ఎప్పటికీ కట్టడాలు లేకుండా అందరికీ తెరిచి ఉంచాలని 1836లోనే పటం మీద రాశారు. ఆ మాట కోసం మాంట్‌గోమరీ వార్డ్ అనే వర్తకుడు 20 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. మీవాళ్లకు ఇది కూడా చెప్పండి, ఆ ఇసుక మీద కూర్చున్నప్పుడు.

ముగ్గు సంగతి చెప్పడం పూర్తికాలేదు. మా వీధిలో కారు నిలిపే చోటు దొరకడం గగనం. ఆదివారం పొద్దున చూస్తే మా ఇంటి ముందు కార్లు వరసగా ఉన్నాయి, ముగ్గు ఉన్న మేర మాత్రం ఖాళీ. మంగళవారం సాయంత్రం వాన వచ్చేదాకా అక్కడ ఎవరూ కారు పెట్టలేదు. మీరు నగరంలోనే ఉంటే మీ వార్డు కార్యాలయానికి ఈ వారమే ఫోను చేసి మీ వీధికి తేదీ ఉందేమో కనుక్కోండి. శివారులో ఉంటే మా వీధికి తీసుకురండి, మా బల్ల దగ్గర ఇంకో నాలుగు కుర్చీలు పడతాయి.