కొట్లో వచ్చే పావు లెక్క పరీక్షలో ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: బీకాం అయిపోయింది. ఏడాదిగా బ్యాంక్ క్లర్క్ పరీక్షకు చదువుతున్నాను. మా నాన్నగారి కిరాణా కొట్లో కూర్చుంటే పావు కిలో, ముప్పావు కిలో లెక్కలు నోటితోనే చెప్పేస్తాను. మాక్ టెస్టులో 3¾ కనిపిస్తే మాత్రం టెన్షన్. మొన్న లెక్కల్లో 35కి 29 రాస్తే 22 రైట్, 7 తప్పు. బ్యాంకు వదిలేసి వేరే పరీక్షలు చూసుకోమంటారా?
– ఒక విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: వదలొద్దు. ఎస్‌ఎస్‌సీకి (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఉద్యోగ పరీక్షలు) వెళ్లినా, రైల్వేకి వెళ్లినా భిన్నాలు మీ వెంటే వస్తాయి. పైగా రైల్వేలో ఒక్కో తప్పుకు మూడో వంతు మార్కు కోస్తారు, బ్యాంకులో పోయేది పావే.

ముందు మీ మార్కులే లెక్కేద్దాం. 7 తప్పులంటే 7 పావులు పోయాయి. నాలుగు పావులు కలిస్తే ఒకటి, ఇంకా మూడు పావులు మిగిలాయి. అంటే 1¾. 22లోంచి అది తీసేస్తే మీకొచ్చింది 20¼. 7/4ని 1¾గా మార్చడమంటే ఇదే, ఇందులో మీకు రానిదేమీ లేదు.

ఇప్పుడు 3¾ సంగతి. మూడు కిలోల్లో కిలోకి నాలుగు చొప్పున 12 పావులు, పైన మరో 3, మొత్తం 15. కాబట్టి 15/4. కోచింగ్‌లో ‘కిందిదాంతో గుణించి పైది కలుపు’ అని చెప్పేది దీన్నే. ఎందుకో తెలియకుండా బట్టీ పడితే టైమ్ తరుముతున్నప్పుడు ఏది దేంతో గుణించాలో తారుమారవుతుంది. మీరు ఒక పని చేయండి. 3¾ని ‘పావు తక్కువ నాలుగు’ అని చదవండి, గడియారం చూసి అన్నట్టే. నాలుగంటే 16 పావులు, ఒకటి తక్కువ, 15. అలాగే 5¼ ఐదుంబావు, 21 పావులు. పావలా బిళ్లలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి, మీ తరానికి అవి అంతగా తెలియవు. మాకు మాత్రం రూపాయికి నాలుగు పావలాలు లెక్కపెట్టుకుంటూనే ఇదంతా వచ్చేసింది.

అసలు మార్కులు పోయే చోటు వేరే ఉంది. ‘6లో పావు వంతు’, ‘6లో ఎన్ని పావులు’ ఒకటి కాదు. ఆరు కిలోల బియ్యంలో పావు వంతు కిలోన్నర. అదే ఆరు కిలోలను పావు కిలో పొట్లాలు కడితే 24 అవుతాయి. మొదటిది 6 × ¼, రెండోది 6 ÷ ¼. కొట్లో మీరు పొరబడరు, ఎందుకంటే బియ్యం కళ్ల ముందుంటుంది. కాగితం మీద ఉండదు, అందుకే పెన్ను కదిలించే ముందు జవాబు 6 కన్నా పెరగాలా, తగ్గాలా అని ఒక్క క్షణం ఆగి చూసుకోండి.

బారువడ్డీలో ఇంకో గుంట ఉంది. 8,000 రూపాయలు, 5 శాతం, 2 సంవత్సరాల 3 నెలలు. చాలామంది 2.3 అని వేసి 920 తెస్తారు. ఆ 920 ఆప్షన్లలో కూడా ఉంటే ఇక అనుమానమే రాదు! ఏడాదికి 12 నెలలు కదా, 3 నెలలంటే పావు ఏడాది. 2¼, అంటే 9/4. ఏడాది వడ్డీ 400, దాన్ని 9/4తో గుణిస్తే 900.

శాతాలకు ఓ పది విలువలు నోటికి వస్తే చాలు, మూడొందల షార్ట్‌కట్లు అక్కర్లేదు (వాటి మీద నాకు మొదటి నుంచీ చిన్నచూపే). 25 శాతం పావు, 12½ అందులో సగం కాబట్టి 1/8, 6¼ ఇంకా సగం, 1/16. ‘4,800లో 6¼ శాతం’ అంటే 16తో భాగించండి, 300. ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలే, కాలిక్యులేటర్ ఉండదు. 6.25తో గుణకారం వేస్తూ కూర్చోలేరు.

రెండు వారాల పాటు రోజూ ఓ పావుగంట కొట్లోని బిల్లులనే భిన్నాల్లో రాయండి. తర్వాత ఒక మాక్ రాసి, స్కోరు స్క్రీన్ మీద చూడకముందే తప్పులను పావుల్లోకి మార్చి మీరే లెక్కేసుకోండి. ఈసారి మళ్లీ 7 తప్పులు వస్తే వాటిలో భిన్నాలవి ఎన్నో విడిగా రాసి పంపండి. రెండు, మూడే అయితే మీ సమస్య భిన్నాలు కాదు, తొందర. దానికి వేరే మందు చెబుతాను.