మీటర్ 5 వోల్టులే చూపిస్తోంది, బోర్డు మాత్రం రీస్టార్ట్ అవుతోంది!

ప్రశ్న: నా 5 వోల్టుల, 3 ఆంపియర్ల పవర్ సప్లైని మల్టీమీటర్‌తో చూస్తే 5.02 దగ్గర కదలకుండా ఉంటోంది. కానీ మోటార్ ఆన్ చేయగానే కంట్రోలర్ బోర్డు రీస్టార్ట్ అవుతోంది. తప్పు సప్లైదా, బోర్డుదా?

జవాబు: అప్పుడే బోర్డును అనుమానించకండి. లోడు, అంటే కరెంటు లాగేది ఏదీ లేనప్పుడు సప్లై సాధారణంగా బుద్ధిగానే ఉంటుంది. అందుకే ముందు లోడు పెట్టి కొలవండి. సప్లైకి 5 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 1 ఆంపియర్ లాగుతుంది, 5 వాట్ల వేడి పుడుతుంది. కాబట్టి కనీసం 10 వాట్లది తీసుకోండి, చేత్తో ముట్టుకోవద్దు. అలాంటివి మూడు సమాంతరంగా కలిపితే పూర్తి లోడు. అప్పుడు 4.97 వస్తే తేడా 0.05, అంటే సుమారు 1 శాతం. మంచి సప్లైయే.

మీటర్ ప్రోబులు మాత్రం సప్లై టెర్మినల్స్ మీదే పెట్టండి. నేను ఒకసారి సన్న వైర్ల చివర కొలిచి, నిక్షేపంలాంటి సప్లైని అనవసరంగా విప్పదీశాను. వైర్లలో 0.1 ఓమ్ నిరోధం ఉన్నా, 3 ఆంపియర్ల దగ్గర 0.3 వోల్టులు వాటిలోనే పోతాయి.

మీ సమస్య ఈ పరీక్షలో దొరక్కపోవచ్చు. మోటార్ కదిలే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ ఒక్కసారి కుంగి లేస్తుంది. మల్టీమీటర్ చూపేది సగటు, ఆ కుంగుబాటు దానికి అందదు. దానికి ఆసిలోస్కోప్ కావాలి, వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో గీతగా చూపే పరికరం అది. దాని ప్రోబును బోర్డు పవర్ పిన్నుల దగ్గరే పెట్టండి. ట్రిగ్గర్‌ను (గీత ఎప్పుడు పట్టాలో చెప్పే సెట్టింగ్) 4.7 వోల్టుల దగ్గర, కిందికి దిగే అంచుకు సెట్ చేసి, ఒక్కసారి పట్టి ఆగిపోయే సింగిల్ మోడ్‌లో ఉంచి మోటార్ ఆన్ చేయండి. గీత ఎంత దిగింది, ఎంతసేపటికి తేరుకుంది, రెండూ రాసుకోండి. తర్వాత బోర్డు దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ (ఛార్జీని దాచుకుని, వోల్టేజీ కుంగినప్పుడు అందించేది) పెట్టి, కుంగుబాటు తగ్గిందేమో మళ్లీ చూడండి.