షెడ్డు ప్రశ్నలు: రంగు చూసి లేత్ కొనొద్దు సామీ

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం 'మెషిన్ సరిగ్గా లేదు' అనేవే. మెషిన్‌ని తిట్టే ముందు ఒక్కసారి చేత్తో కదిలించి చూడండప్పా, సగం రోగం అక్కడే దొరుకుతాది. చోటు తక్కువ కాబట్టి ఐదింటికే జవాబు రాస్తా ఉండా.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు, మిట్టూరు. రిటైరయ్యి ఏడాదైంది, ఇంటి వెనక రేకుల షెడ్డు ఖాళీగా ఉండాది. చెన్నైలో నాలుగున్నర అడుగుల పాత లేత్ (ఇనుప రాడ్డుని తిప్పుతా కోసే మెషిన్) ఒకటి చూసినాను, పచ్చ రంగు కొట్టి తళతళా ఉండాది, త్రీ ఫేజ్ మోటరు. మా ఇంట్లో ఉండేది సింగిల్ ఫేజు. కొనొచ్చా? ఏమేం చూసి కొనాల?

జవాబు: తళతళా ఉండాది అన్నారు చూడండి, అక్కడే భయం నాకు. నా మొదటి లేత్ కూడా అట్లే తళతళలాడతా ఉంటే మోజుపడి కొన్నా, ఇంటికి తెచ్చి బెడ్డు (కింద పొడుగ్గా ఉండే ఇనుప దిమ్మ) మీద గ్రీజు తుడిస్తే చక్ (రాడ్డుని పట్టుకొని తిప్పే భాగం) ముందర అరంగుళం వెడల్పున గుంట తేలినట్టు అరిగిపోయి ఉండింది, అమ్మినాయన మళ్ళీ ఫోను ఎత్తలా. రంగు డబ్బా ఖర్చు ఎంత సార్, బెడ్డు గ్రైండింగ్ ఖర్చు ఎంత.

ఏ లేత్‌లో అయినా పనంతా చక్ పక్కనే జరుగుతాది, పొడుగు రాడ్లు పట్టేది ఎప్పుడో ఒకసారి, అందుకని బెడ్డు ఆ వైపే అరుగుతాది, టెయిల్ స్టాక్ (అవతలి చివర రాడ్డుని ఆనించే భాగం) దగ్గర కొత్తదానిలాగే ఉంటాది. దీన్ని పట్టుకోవడానికి డయల్ గేజ్ (సన్నటి కదలికని సూదితో కొలిచేది) కూడా అక్కర్లేదు. క్యారేజిని (కోసే టూలుని మోసుకొని బెడ్డు మీద జరిగే భాగం) చక్ దగ్గరికి తెచ్చి, దాని కింద బెడ్డుని పట్టుకొని ఉండే పట్టీల బోల్టులు బిగించండి, చేత్తో తిప్పితే కొంచెం బరువుగా కదిలేంత వరకు. తరవాత చక్రం తిప్పుకుంటా టెయిల్ స్టాక్ వైపు పోండి. చివరిదాకా ఒకే బరువుతో పోతే మీ అదృష్టం. సగం దూరంలోనే పట్టేసి కదలకపోతే చక్ దగ్గర బెడ్డు అరిగినట్టే, ఇంగ ఆ మెషిన్ జోలికి పోవద్దు, సగం ధరకి ఇస్తానన్నా సరే.

రెండోది స్పిండిల్, అంటే చక్‌ని తిప్పే ఇరుసు. చక్‌లో రెండడుగుల లావు రాడ్డు పట్టించి, డయల్ గేజ్ సూది చక్ వెనక స్పిండిల్ మీద ఆనించి, రాడ్డుని పైకి కిందికి ఎత్తి చూడండి. గేజ్‌లో ఒక గీత అంటే 0.01 మిల్లీమీటరు. రెండు మూడు గీతలు ఆడితే పాత మెషిన్‌కి అది మామూలే, పది గీతలు ఆడితే బేరింగులు పోయినట్టు. అట్లే అన్ని స్పీడులూ వేయించి వినండి, అమ్మేటాయన 'ఈ గేరు మేం వాడము సార్' అన్నాడంటే ఆ గేరునే ముందర వేయించండి.

క్రాస్ స్లైడ్ (టూలుని అడ్డంగా జరిపే భాగం) హ్యాండిలు పావు చుట్టు ఖాళీగా తిరిగినా దానికి బెదిరిపోవద్దు. లోపల గన్‌మెటల్ నట్టు అరిగి ఉంటాది, కొత్తది చేయించుకోవచ్చు. కొత్త మెషిన్‌లో కూడా కొంచెం ప్లే (వదులు) ఉంటాది, అందుకే ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుకుంటా కొలతకి రావాల. దీన్ని మాత్రం బేరానికి బాగా వాడుకోండి. మరలు కోసే ఛేంజ్ గేర్ల సెట్టు ఉందా అని మర్చిపోకుండా అడగండి, చాలా చోట్ల ఆ గేర్లు ఎప్పుడో పాతసామాన్లవాడి దగ్గరికి పోయి ఉంటాయి.

ఇప్పుడు కరెంటు సంగతి. మోటరు పెట్టె మూత తీయించి చూడండి. ఆరు వైర్లు బైటికి వచ్చి, ప్లేటు మీద 415 వోల్టులు స్టార్ అని ఉంటే, దాన్ని డెల్టాకి మార్చి (స్టార్, డెల్టా అంటే మోటరు లోపలి చుట్టలని కలిపే రెండు పద్ధతులు) 230 వోల్టుల సింగిల్ ఫేజ్ డ్రైవ్, అంటే సింగిల్ ఫేజ్ కరెంటుని త్రీ ఫేజ్ చేసి మోటరుకి ఇచ్చే పెట్టె, పెట్టుకోవచ్చు. 415ని 1.732తో భాగిస్తే 240 వస్తాది కదా, లెక్క అదే. 5 హెచ్‌పి లాంటి పెద్ద మోటార్లు చాలావరకు 415కే డెల్టాలో ఉంటాయి, వాటికి ఈ ఉపాయం పారదు. డ్రైవ్‌కీ మోటరుకీ మధ్యలో స్విచ్ పెట్టొద్దు, ఆన్ ఆఫ్ అంతా డ్రైవ్‌తోనే. ఇంకోటి, ఎవరూ చెప్పనిది, పాత లేతుల్లో చక్ స్పిండిల్‌కి మరతో బిగించి ఉంటాది, డ్రైవ్‌లో సడన్ బ్రేకు గానీ రివర్సు గానీ పెట్టినారంటే ఆ చక్ విప్పుకొని కాళ్ళ మీద పడతాది, అందుకే ఆగే టైమును డ్రైవ్‌లో నిదానంగా పెట్టించుకోండి.

ఇదంతా తలనొప్పి అనుకుంటే 1 హెచ్‌పి సింగిల్ ఫేజ్ మోటరు మార్చేయండి. 1 హెచ్‌పి అంటే 746 వాట్లు, నడిచేటప్పుడు 6, 7 ఆంపులు లాగుతాది, స్టార్టింగులో దానికి ఎన్నో రెట్లు. ఫ్యాను పక్కన ఉండే చిన్న సాకెట్‌కి కాకుండా బోర్డు నుంచి వేరే వైరు లాగి 16 ఆంపుల సాకెట్, మంచి ఎర్తింగ్ వేయించండి. వైరింగ్ పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే.

దించినాక నేల ఎగుడుదిగుడుగా ఉంటే బెడ్డు మెలి తిరుగుతాది, అప్పుడు రాడ్డు ఒకవైపు లావు ఒకవైపు సన్నం వస్తాది, జనం లేత్‌ని తిడతారు. అంగుళంన్నర రాడ్డుని ఆరంగుళాలు బైటికి పెట్టి, టెయిల్ స్టాక్ ఆనించకుండా, రెండు చివర్ల రెండు పట్టీలు వదిలి మధ్యలో తగ్గించండి, ఆ రెండు పట్టీల మీదా చివరగా ఒకే సెట్టింగులో సన్నటి కటింగు ఇచ్చి మైక్రోమీటరుతో కొలవండి. తేడా వస్తే టెయిల్ స్టాక్ వైపు కాళ్ళల్లో ఒక కాలి కింద పలచటి రేకు ముక్క పెట్టి మళ్ళీ కొలవండి. నాకు ఒక ఆదివారమంతా పట్టింది.

ప్రశ్న: అన్నా, తిరుపతి కొర్లగుంట నుంచి. ఇంటి గేటు కోసం ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) ఫ్లాటు పట్టీకి 8 ఎంఎం హోల్ వేస్తా ఉంటే బిట్టు కీచుమని అరిచి నీలంగా మారి ఆగిపోతా ఉండాది. మూడు బిట్లు పోయినాయి. హ్యాండ్ డ్రిల్ ఫుల్ స్పీడు పెట్టినా దిగడం లేదు.

జవాబు: ఫుల్ స్పీడు పెట్టినావు కాబట్టే దిగలేదు తమ్ముడూ. స్టెయిన్‌లెస్ స్టీలుకి ఒక పాడు గుణం ఉండాది, కోయకుండా ఊరికే రుద్దితే రుద్దిన చోట గట్టిపడిపోతాది, ఇంగ ఆ మీద ఎన్ని బిట్లు పెట్టినా జారుతాయి. నిదానం స్పీడు, గట్టి ఒత్తిడి, నూనె చుక్క, ఈ మూడూ ఉంటే పని అవుతాది. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టు ఎస్‌ఎస్‌లో అంచు దగ్గర నిమిషానికి ఒక 10 మీటర్లు పోతే చాలు. లెక్క వేస్తే 8 ఎంఎం బిట్టుకి 400 ఆర్‌పిఎం. మీ హ్యాండ్ డ్రిల్ ఫుల్‌లో 2,500 దాటి తిరుగుతా ఉంటాది, ఆరు రెట్లు! మామూలు ఇనుముకైతే 25 మీటర్లు, అంటే 10 ఎంఎం బిట్టుకి 800.

పోయిన మూడు బిట్లూ పారేయొద్దు. సాన పట్టడం నేర్చుకో, అది రాకపోతే ఈ హాబీలో బిట్లు కొనడానికే జీతం పోతాది. బిట్టు మొన 118 డిగ్రీలు ఉండాల, గేజ్ కొనే పని లేదు, రెండు పెద్ద ఆరు పలకల నట్లు పక్కపక్కన పలకలు ఆనించి పెట్టు, మధ్యలో వచ్చే వి ఆకారం సరిగ్గా 120 డిగ్రీలు. మొన అందులో కూర్చుంటే చాలు. రెండు వైపులా అంచులు ఒకే పొడుగు ఉండాల, లేదంటే హోల్ పెద్దది పడతాది. అంచు వెనక భాగం అంచుకన్నా కిందికి వాలి ఉండాల, వెనక భాగం ఎత్తుగా ఉంటే బిట్టు కోయదు, రుద్దుతాది, మళ్ళీ మొదటికే వస్తాము. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు సానలో కొంచెం నీలమైనా ఏం కాదు కానీ, ఎర్రగా కాలినదాన్ని నీళ్ళల్లో ముంచితే పగుళ్ళు వస్తాయి. చౌక కార్బన్ స్టీలు బిట్టు మాత్రం నీలం అయిందంటే పదును పోయినట్టే.

ఫ్లాటుని చేత్తో పట్టుకోవద్దు, వైస్‌లో బిగించు. బిట్టు అవతలికి తేలేటప్పుడు పట్టేస్తే ఆ ఫ్లాటు ఫ్యాను రెక్కలాగా తిరుగుతాది. చేతికి గ్లవుజులు వద్దు, చేతికి గుడి దారాలు కట్టుకొని ఉంటే విప్పి జేబులో పెట్టుకో, దేవుడేమీ అనుకోడు. కొండ మీద గుండు కొట్టించుకొని వచ్చినోళ్ళకి జుట్టు చిక్కుకుంటాదన్న భయం ఒక్కటి తప్పుతాది.

ప్రశ్న: పుత్తూరు నుంచి సార్. అల్యూమినియం కేసింగ్‌లో ఎమ్ 8 (8 ఎంఎం బోల్టు) మర వేస్తా ఉంటే టాప్ (హోల్ లోపల మర కోసే పనిముట్టు) విరిగి లోపలే ఉండిపోయింది. డ్రిల్ పెడితే బిట్టు మొన పోతా ఉండాది కానీ టాప్ కదలడం లేదు.

జవాబు: టాప్ బిట్టంత గట్టిది, డ్రిల్ పెట్టి లాభం లేదు. కానీ మీ కేసింగ్ అల్యూమినియం కావడం మంచిదైంది. అంగడికి పోయి పటిక తెచ్చుకోండి, అదే, గడ్డం గీసినాక రాసుకునేది. గాజు గిన్నెలో వేడి నీళ్ళల్లో ఇంగ కరగనంత పటిక కరిగించి, బేరింగులు బోల్టులు లాంటి ఇనుప సామాను అంతా విప్పేసి, కేసింగ్‌ని అందులో నానబెట్టి వెచ్చగా ఉంచండి. పటిక నీళ్ళు ఉక్కుని మెల్లగా తినేస్తాయి, అల్యూమినియం జోలికి పోవు. బుడగలు వస్తా ఉంటే పని జరుగుతా ఉన్నట్టు. ఒక రోజు పట్టొచ్చు, మూడు రోజులైనా పట్టొచ్చు, నీళ్ళు మార్చుకుంటా ఉండండి, గాలి ఆడే చోట పెట్టండి. ఇత్తడికీ ఇదే మందు. ఇనుము కేసింగ్‌కి మాత్రం వద్దు, కేసింగే పోతాది.

విరిగింది ఎందుకో కూడా చెప్తా. హోల్ ఎంత వేసినారో రాయలేదు గానీ 6.5 అయ్యుంటాదని నా అనుమానం. మర సైజులో నుంచి మర దూరం (ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం) తీసేయండి: 8 లో 1.25 పోతే 6.75, అందుకే 6.8 బిట్టు. ఎమ్ 6కి 5, ఎమ్ 10కి 8.5. అర చుట్టు ముందుకి తిప్పితే పావు చుట్టు వెనక్కి, అల్యూమినియంలో కిరసనాయిలు చుక్క వేస్తే నున్నగా పోతాది.

ప్రశ్న: చంద్రగిరి. నాలుగంగుళాల యాంగిల్ గ్రైండరుకి కట్టె కోసే పళ్ళ బ్లేడు వేసి వాడొచ్చా? గార్డు అడ్డం వస్తా ఉండాది, తీసేసినా.

జవాబు: వద్దు. గార్డు తిరిగి బిగించు, బ్లేడు తీసి పక్కన పెట్టు. అది 11,000 ఆర్‌పిఎం మెషిన్, పళ్ళు కట్టెలో పట్టుకున్నాయంటే మెషినే ఎగిరి మొహం మీదికి వస్తాది, చెయ్యి వెనక్కి తీసుకునేంత టైము ఉండదు. కట్టెకి సర్క్యులర్ సా వేరే ఉండాది, డబ్బులు లేకుంటే చేతి రంపం. ఇనుము కోసే వీల్ కొనేటప్పుడు కూడా దాని మీద రాసిన స్పీడు మెషిన్ స్పీడుకన్నా ఎక్కువ ఉందా, మధ్యలో ఉండే రింగు మీద తేదీ దాటిందా చూసుకో.

ప్రశ్న: తిరుపతి, పద్మావతీపురం నుంచి రాస్తున్నానండీ. మా ఆయనకి షెడ్డులో చిన్న లేత్, డ్రిల్లింగ్ మెషిన్ ఉన్నాయి. ఆయుధ పూజకి నేను శుభ్రంగా పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసి పెడతాను. తరవాత నెలకి తుప్పు పట్టిందని నన్నే అంటాడు. తప్పు నాదేనా?

జవాబు: సగం మీది, సగం ఆయనదమ్మా. చందనం, పసుపు నీళ్ళతో కలిపి బెడ్డు మీద పూస్తే, నిమ్మరసం కారితే, సానపట్టిన ఇనుముకి రెండు రోజుల్లో మచ్చ పడతాది. ఆయుధ పూజ అయిన కొన్నాళ్ళకే మనకి ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి, నవంబరు అంతా గాలిలో తేమ, ఇంగ తుప్పుకి పండగే. బొట్లు అన్నీ రంగు ఉండే చోట పెట్టండి, మోటరు మీద, హెడ్ స్టాక్ (చక్ వైపు ఉండే పెట్టె) మీద, గార్డు మీద. మెరిసే భాగాల మీద మాత్రం వద్దు. నిమ్మకాయ కింద ఒక ఆకు వేసి పెట్టండి.

మర్నాడు పొద్దున తుడిచి నూనె పూసే పని మాత్రం ఆయనది, 68 గ్రేడ్ మెషిన్ ఆయిలు పాత బనీను గుడ్డతో పలచగా. పైన ప్లాస్టిక్ కవరు కప్పుతాడేమో చూడండి, కప్పితే తీసేయించండి, లోపల తేమ పట్టి ఇంకా చెడుతాది, పాత కాటన్ పంచె కప్పితే మేలు. పాత ఫిట్టర్లు టూల్ బాక్సులో కర్పూరం బిళ్ళ వేసి పెడతారు, నేనూ పెడతా, కానీ దాన్నే నమ్ముకొని నూనె పూయడం మానను. ఇప్పుడు పట్టిన తుప్పు పైపైనే అయితే నూనెలో ముంచిన సన్నటి ఎమరీతో బెడ్డు పొడుగునా మెల్లగా రుద్దమనండి, అడ్డంగా రుద్దొద్దు, తరవాత ఆ పొడి ఒక్క రవ్వ కూడా మిగలకుండా తుడిచేయమనండి.