తొట్టి మూత సంగతి ఏదమ్మా?

కొత్తవాడ, వరంగల్

బిడ్డా,

ఇంట్లో గాజు తొట్టిలో పెంచిన జాఫిష్ అనే సముద్రపు చేప గురించి నువ్వు రాసి పంపిన 'గాజులో సముద్రం' అందింది. మొదటిసారి ఐదో పేజీ దగ్గరే విసుగొచ్చి పక్కన పడేశాను. తెల్లారి చాయ్ తాగుతూ మళ్లీ తీస్తే తొమ్మిదో పేజీలో ఈ వాక్యం కనబడింది: "టీవీ స్టాండు వెనక ఊడుస్తుంటే చీపురుకు తగిలింది, ఎండి, నా వేలంత." చాయ్ చల్లారిపోయింది. బాగా రాశావు.

ఆ తర్వాతి వాక్యంలోనే మళ్లీ అలలు, వెన్నెల, ఏకాంతం. చేప బయటికి ఎట్లా పడింది? తొట్టికి మూత లేదా? ఒక్క ముక్క లేదు. ముందేమో ఐదు పేజీల సముద్రం! విశాఖకు ఒక్కసారి, అదీ కాలేజీ టూర్లో పోయానని నువ్వే రాశావు. భద్రకాళి చెరువు గట్టు మీద పెరిగినదానివి, ఆ చేప సొంతూరని చూడని కరీబియన్ కడలి మీద ఐదు పేజీలు ఎందుకమ్మా?

నాకు జాఫిష్ అంటే ఏమిటో తెలియదు. నయీంనగర్‌లో మా మేనల్లుడి ఇంట్లో ఉప్పునీటి తొట్టి ఉంది, అందులో నీ పసుపుతల చేపే ఉందని తెలిసి పోయి కూర్చున్నాను. గంటన్నర. బెత్తెడంత చేప, తల పసుపు, ఒళ్లు లేత నీలం. తోక కిందికి, తల పైకి పెట్టి బొరియ మీద నిలువునా తేలుతుంది. మనిషి కదిలితే తోకతోనే లోపలికి జారుతుంది. నోటినిండా ఇసుక ఎత్తుకొచ్చి బయట ఉమ్ముతుంది, మళ్లీ పోతుంది. గవ్వముక్కలు తెచ్చి, బావికి రాళ్లు పేర్చే మేస్త్రీ లెక్క బొరియ చుట్టూ కట్టుకుంటుంది. రాత్రి కాగానే ఒక రాయి లాక్కుని వాకిలి మూసుకుంటుంది. నువ్వేమో 'ఏకాంత గుహలోని కవి' అన్నావు. ఏ కవి నోటితో రాళ్లు మోశాడు?

ఇంకోటి. గుడ్లను నోట్లో పెట్టుకుని వారం పైచిలుకు కాపాడే చేపను చూసి 'ఆహా తల్లి ప్రేమ' అని రాశావు. అది తండ్రి! మగచేప. ఆ గుడ్లకు గాలి తగలాలని బయటికి ఉమ్మి మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. పోలిక మీద మోజుతో చూడడం మానేస్తే ఇట్లాగే అవుతుంది.

నేను నలభై ఏళ్లుగా మొత్తుకునేది ఒక్కటే: చేతిపని రాయి. ఇసుక ఎంత మందం పోశావు? మా వాడు ఐదారు అంగుళాలు పోశాడు, సన్నదీ ముతకదీ గవ్వముక్కలూ కలిపి. ఒట్టి సన్న ఇసుకైతే బొరియ నిలవదట. నువ్వు రామప్ప గుడిని కూడా లాక్కొచ్చావు, 1213 నాటి గుడి ఇసుక పునాది మీద నిలబడిందని. సరే, మరి తొట్టిలో ఇసుక మీద రాయి పెడితే? చేప కింద తవ్వుకుంటూ పోతుంది, రాయి దాని మీదే కూలుతుంది. అందుకే ముందు రాళ్లను అడుగు గాజుకు ఆనించి, ఆ తర్వాత ఇసుక పోయాలి. రామప్పను తెచ్చినదానివి ఈ తిరకాసు చూడలేదు.

నీళ్ల సంగతీ అంతే. తొట్టిలోంచి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. మా వాడు మొదట్లో తెలియక, తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోశాడు. ఉప్పు పెరిగి రెండు చేపలు పోయాయి. ఇప్పుడు ఆర్వో నీళ్లే పోస్తాడు. మే నెల వరంగల్ ఎండకు రోజూ పోయాల్సిందే. "మనం తాగనీకి లేవు, చేపకు ఆర్వో నీళ్లా" అని మీ అమ్మ తిట్టిన మాట నాలుగో పేజీలో ఉంది చూడు, అక్కడ నీ రాత ప్రాణంతో ఉంది. దాన్ని ఒక్క వరుసలో తేల్చేశావు.

ఇట్లా రాస్తే సంపాదకులు ఒప్పుకోరు, నాకు తెలుసు. మా నాయన జంపఖానాలు నేసేవాడు. నా మొదటి కథలో మగ్గానికి పడుగు ఎక్కించే పని రెండు పేజీలు రాశాను. హైదరాబాద్‌లో ఒక వారపత్రికాయన "ఇది కథా, మగ్గం పాఠమా?" అని ఆ రెండు పేజీలూ కోసేసి, చివర్లో వాన కురిపించాడు. ముప్పై రూపాయల మనియార్డరు వచ్చింది. నాయనకు చదివి వినిపిస్తే అంతా విని, "వాన ఎప్పుడు పడ్డదిరా? పడుగు ఏమాయె?" అన్నాడు. నేను తలెత్తలేదు. ఆ వారపత్రికాయన పోయి ఇరవై ఏళ్లయింది, నా కోపం మాత్రం పోలేదు. ఇప్పటివాళ్లు కత్తెర కూడా పట్టరు, 'రిలేటబుల్‌గా లేదు సార్' అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటారు.



ఇప్పుడు మూత దగ్గరికి రా. ఈ చేప బెదిరితే ఎగురుతుంది, కొత్తగా తెచ్చిన రోజుల్లో మరీనూ. మా వాడు తొట్టి మీద సన్న జాలి బిగించి, వైరు దూరే సందును కూడా దూదితో కుక్కాడు. నీ తొట్టికి ఏముంది? ఆ రాత్రి కరెంటు పోయిందని రాశావు. చీకట్లో మూత తీసింది ఎవరు, నువ్వా, మీ తమ్ముడా? మళ్లీ పెట్టడం ఎవరు మరిచిపోయారు? అదంతా రాసి పంపు. సముద్రం ఐదు పేజీలూ తీసేయ్.

ఈసారి టైపు చేసి, అక్షరాలు పెద్దవి పెట్టు. మొన్ననే నా కుడి కంటికి ఆపరేషన్ అయింది.